అబ్బాయి నాసిక్ రోడ్ ఆర్టిలరీ సెంటర్‌కి వెళ్తున్నాడు: ఫోన్ రాని ఆ మొదటి నెల ఇంట్లో వాళ్ళం ఎలా గడపాలి?

దర్శి_అమ్మ:

అందరికీ నమస్కారమండీ. మాది ప్రకాశం జిల్లా, దర్శి దగ్గర. మా అబ్బాయి గుంటూరు ఏఆర్‌ఓ (ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు) ద్వారా అగ్నివీర్ జీడీకి (జనరల్ డ్యూటీ) సెలెక్ట్ అయ్యాడు. నాసిక్ రోడ్ ఆర్టిలరీ సెంటర్ (మహారాష్ట్రలో ఫిరంగి దళం శిక్షణ కేంద్రం) ఇచ్చారు, వచ్చే నెలలో రిపోర్ట్ చెయ్యాలి. వాడికి 19 ఏళ్ళు. ఇంటర్ దాకా ఇంటి నుంచే బస్సులో వెళ్ళి చదువుకున్నాడు, హాస్టల్ ఎలా ఉంటుందో ఎరగడు. హిందీ అర్థమవుతుంది కానీ నోరు తిరగదు.

వాడు హుషారుగానే ఉన్నాడు. బెంగంతా మాదే. వాళ్ళ నాన్న పైకి ఏమీ అనరు, రాత్రిళ్ళు లేచి వసారాలో కూర్చుంటున్నారు. నాకు షుగర్ ఉంది. ఈ విషయాలు తెలిసినవాళ్ళు చెప్పండి: ఫోన్ ఎన్నాళ్ళకి చేస్తారు? అక్కడ దెబ్బ తగిలినా జ్వరం వచ్చినా మాకు తెలుస్తుందా? ఏం సర్ది పంపాలి? వాడు వెళ్ళేలోపు మేం పూర్తి చేసుకోవాల్సిన పనులేంటి? ధైర్యంగా ఉండండి అని అందరూ అంటున్నారు, ఎలా ఉండాలో ఎవరూ చెప్పట్లేదు.

రిటైర్డ్_గన్నర్:

అమ్మా, ముందు ఫోన్ సంగతి. మొదటి నెలలో ఇళ్ళల్లో పడే బాధ ముప్పాతిక వంతు దానివల్లే.

గుంటూరు నుంచి పిల్లల్ని బ్యాచ్‌గా పంపిస్తారు. రైల్లో ఉన్నంతసేపూ ఫోన్ వాడి దగ్గరే ఉంటుంది. సెంటర్ గేటు లోపలికి వెళ్ళాక స్మార్ట్‌ఫోన్ తీసుకుని, పేరు రాసి జమ చేసుకుంటారు. మళ్ళీ ఎప్పుడు, ఎంతసేపు మాట్లాడనిస్తారన్నది సెంటర్‌ని బట్టి, బ్యాటరీని (సెంటర్‌లో పిల్లల్ని విడదీసే దళం) బట్టి మారుతుంది. మామూలుగా ఆదివారం, కొద్ది నిమిషాలు. మొదటి రెండు మూడు వారాలు అది కూడా ఉండకపోవచ్చు. ఆ రోజుల్లో కాగితాల పరిశీలన, మళ్ళీ మెడికల్, జుట్టు కత్తిరింపు, కిట్ ఇవ్వడం, బ్యారక్ కేటాయింపు, స్క్వాడ్లు చెయ్యడం, ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి జరుగుతాయి. ఫోన్ రాలేదంటే అర్థం ఇదే. పిల్లవాడికి ఏదైనా పెద్ద ఇబ్బంది అయితే సెంటర్ వాళ్ళే ఇంటికి ఫోన్ చేస్తారు. దానికోసమే చేరినరోజు తల్లిదండ్రుల నంబర్లు రాయించుకుంటారు.

కాబట్టి వెళ్ళేలోపు ఇవి చెయ్యండి. ఇంట్లో మూడు నంబర్లు వాడికి నోటికి రావాలి. ఫోన్ చేతిలో లేనప్పుడు కాంటాక్ట్ లిస్టు పనికిరాదు. అవే నంబర్లు చిన్న డైరీలో రాసి జేబులో పెట్టండి. వాడు పక్కవాడి ఫోన్ నుంచో, అక్కడి ఇంకో నంబరు నుంచో చేస్తాడు కాబట్టి, మీ ఫోన్లో తెలియని నంబర్లను ఆపే సెట్టింగో యాపో ఏదైనా ఉంటే తీసేయండి. చాలా ఇళ్ళల్లో కాల్ తప్పిపోయేది ఇక్కడే. ఆ యాప్ దాన్ని స్పామ్ కింద వేసేస్తుంది, వాడి వంతు అయిపోతుంది, మళ్ళీ వారం దాకా లేదు. ఆదివారం ఫోన్ చార్జింగ్‌లో పెట్టి పొలానికి వెళ్ళకండి, చార్జ్ చేసి వెంట తీసుకెళ్ళండి. ఇంట్లో ఎక్కడ సిగ్నల్ సరిగా వస్తుందో ముందే చూసుకోండి.

ఇక ఆ కాసిన్ని నిమిషాలు. స్పీకర్ పెట్టి ఇంటిల్లిపాదీ చుట్టూ చేరకండి, వాడికి ఒక్క మాటా వినపడదు. ముందు మీరు, తర్వాత వాళ్ళ నాన్న. వాడినే ముందు మాట్లాడనివ్వండి. తర్వాత మూడే అడగండి: కాళ్ళు ఎలా ఉన్నాయి, నీళ్ళు సరిగా తాగుతున్నావా, పక్క మంచం వాడు ఎవరు. మూడోది అడగమనడానికి కారణం ఉంది. పక్కవాడి పేరు, ఊరు చెప్పాడంటే అక్కడ కలిసిపోతున్నట్టే. రెండు మూడు కాల్స్ అయినా ఒక్క పేరూ చెప్పలేదంటే కొంచెం లోతుగా అడగండి. "చిక్కిపోయావా, ఏం పెడుతున్నారు, కొడుతున్నారా" అని వరస పెడితే వాడు దాచడం నేర్చుకుంటాడు, అంతకంటే ఏమీ ఉండదు.

ఇంట్లో చెడు కబురు ఉంటే దాచకండి. నాన్నమ్మకి ఒంట్లో బాలేదంటే, ఏ ఆసుపత్రిలో ఉంది, ఎవరు చూసుకుంటున్నారు, డాక్టర్ ఏమన్నారు, అన్నీ కలిపి ఒకేసారి చెప్పండి. సగం చెప్పి వదిలేస్తే వారమంతా అదే ఆలోచిస్తాడు. మీరు దాచినా ఊళ్ళో కుర్రాడెవడో వాడికి చేరవేస్తాడు, అప్పుడు మీ మాట మీద నమ్మకం పోతుంది.

ట్రైనింగ్ మొత్తం 31 వారాలు అనుకోండి, అందులో మొదటి 10 వారాలు బేసిక్ మిలిటరీ ట్రైనింగ్. తెల్లారకముందే లేపుతారు. పీటీ, టిఫిన్, డ్రిల్, ఆయుధాల క్లాసు, సాయంత్రం ఆటలు, రాత్రి రోల్ కాల్. తప్పు చేస్తే రగ్డా ఉంటుంది, అంటే అదనపు పరుగు, ఫ్రంట్ రోల్, పుషప్స్ లాంటివి. ఒకడు తప్పు చేస్తే స్క్వాడ్ మొత్తానికీ పడటం కూడా ఉంటుంది. ఇది వినగానే హడలిపోకండి. కానీ దెబ్బలు తగిలి గాయమైందనో, డబ్బు అడుగుతున్నారనో చెప్తే అది వేరే విషయం. ముందు వాడు తన ప్లాటూన్ జేసీవోకి (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్), తర్వాత బ్యాటరీ కమాండర్‌కి ఇంటర్వ్యూ, అంటే కలిసి చెప్పుకునే అవకాశం, అడగాలి. ఆ హక్కు ప్రతి రిక్రూట్‌కీ ఉంది, వెళ్ళేముందే వాడికి తెలిసి ఉండాలి.

హిందీ గురించి. ఈ నెలలో వాడితో ఒకటి నుంచి వంద దాకా హిందీ అంకెలు రోజూ పలికించండి. గిన్తీ అంటే లైన్లో నిలబడి ఒక్కొక్కడు తన అంకె అరవడం. 47, 59, 68 దగ్గర మన పిల్లలు తడబడతారు, లైన్ మొత్తం మళ్ళీ మొదటికి వస్తుంది. తర్వాత కమాండ్లు: సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్, బాయే ముడ్, పీఛే ముడ్, తేజ్ చల్, థమ్. వీటికంటే ముఖ్యంగా ఒక వాక్యం బట్టీ పట్టించండి: "ఉస్తాద్, పైర్ మే దర్ద్ హై, సిక్ రిపోర్ట్ కర్నా హై." ఉస్తాద్ అంటే ట్రైనింగ్ ఇచ్చేవాడు; కాలు నొప్పిగా ఉంది, డాక్టర్‌కి చూపించుకోవాలి అని అర్థం. ఇది పలకలేక నొప్పితో పరుగెత్తే పిల్లలే ఎక్కువ దెబ్బతింటారు.

ఫిజియో_విజయవాడ:

గన్నర్ గారు చెప్పిన ఆ చివరి మాట నుంచే మొదలుపెడతాను అక్కా.

రిక్రూట్‌లని ఎక్కువగా ట్రైనింగ్‌కి దూరం చేసేది మోకాలి కింద ఎముక. సెలెక్షన్ ర్యాలీకి 1.6 కిలోమీటర్లు ఒక్కసారి పరుగెత్తితే సరిపోయింది. అక్కడ పొద్దున పరుగు, తర్వాత బూట్లతో గట్టి నేల మీద మడమ కొట్టి డ్రిల్, సాయంత్రం మళ్ళీ ఆట. కండ రెండు మూడు వారాల్లో అలవాటు పడుతుంది, ఎముక అంత తొందరగా అలవాటు పడదు. అందుకే మూడో వారం నుంచి పిల్లవాడికి "నాకు స్టామినా వచ్చేసింది" అనిపించే సమయంలోనే ఎముకలో సన్నటి పగులు మొదలవుతుంది. దీన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు.

తేడా ఇలా తెలుసుకోమనండి. కూర్చుని, కాలి పిక్కకి లోపలివైపు ఎముక అంచు మీద బొటనవేలితో కింది నుంచి పైకి నొక్కుకుంటూ రావాలి. జానెడు పొడవునా నొప్పిగా ఉండి, వార్మప్ అయ్యాక తగ్గితే అది షిన్ స్ప్లింట్స్, అంటే పగులు లేని నొప్పి, కావచ్చు. ఐస్, పరుగు కొంచెం తగ్గించడం, ఉస్తాద్‌కి చెప్పడంతో సర్దుకుంటుంది. రూపాయి బిళ్ళంత ఒక్క చోట నొక్కితే ప్రాణం లేచిపోయినట్టుండి, పరుగెత్తే కొద్దీ పెరిగి, రాత్రి పడుకున్నా లాగుతుంటే అదే రోజు సెంటర్‌లో డాక్టర్ చూసే ఎం.ఐ. రూమ్‌కి వెళ్ళాలి. పాదం పైభాగంలో, గజ్జల్లో వచ్చే నొప్పికీ ఇదే సూత్రం. గజ్జల్లో నొప్పి అసలు ఆలస్యం చెయ్యకూడదు, అది తొడ ఎముక మెడ దగ్గర పగులు కావచ్చు. మొదట్లో పట్టుకుంటే కొన్ని వారాల విశ్రాంతితో పోతుంది. దాచి పరుగెత్తితే ఎముక పూర్తిగా విరుగుతుంది, ఆపరేషన్ దాకా వెళ్తుంది.

అందుకని ఫోన్లో "ఓర్చుకో నాన్నా, అందరూ పడుతున్నారు కదా" అనకండి. మీరు ప్రేమతో అన్నా, వాడికి అది దాచమని చెప్పినట్టే. రెస్ట్‌లో పెడితే బ్యాచ్ వెనక్కి పోతుందని పిల్లలు భయపడతారు. దాన్ని రెలిగేషన్ అంటారు. తర్వాతి బ్యాచ్‌తో కలిసి పూర్తి చేస్తాడు, ఉద్యోగం ఎక్కడికీ పోదు. ఈ మాట వెళ్ళేముందే వాళ్ళ నాన్న నోటి నుంచి వాడు వినాలి. ఊళ్ళో ఎవరేమనుకుంటారో అన్న భయం పిల్లలకి ఎక్కువగా తండ్రి దగ్గరే ఉంటుంది.

డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రల స్ట్రిప్పులు సర్ది పంపకండి. నొప్పి తెలియకపోతే పరుగు ఆపడు, పైగా ఖాళీ కడుపుతో, నీళ్ళు తక్కువ తాగి వేసుకుంటే కిడ్నీల మీద భారం.

మిగిలిన ఈ నెలలో: వారానికి నాలుగు రోజులు మట్టి నేల మీద పరుగు, ఒక వారం నుంచి ఇంకో వారానికి దూరం కొంచెం కొంచెంగానే పెంచాలి. ఆఖరి నాలుగు రోజులు నడక చాలు. పుచ్చిన పన్ను ఉంటే ఇప్పుడే సరిచేయించండి. హిమోగ్లోబిన్, విటమిన్ డి చూపించండి, తక్కువుంటే డాక్టర్ చెప్పిన మోతాదులో మొదలుపెట్టండి. కాలిగోళ్ళు గుండ్రంగా కాకుండా అడ్డంగా కత్తిరించడం నేర్పండి, మూలలు లోపలికి కోస్తే బూటులో చీము పడుతుంది. తడి సాక్సులు, తడి లోదుస్తులు వేసుకోవడంతో తామర బ్యారక్‌లో ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. సాక్సులు ఆరు జతలు ఇవ్వండి. యాంటీఫంగల్ పౌడర్ ఒకటి చాలు. తామరకి మెడికల్ షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీములు మాత్రం వద్దు, రెండు రోజులు తగ్గినట్టు కనిపించి తర్వాత ఒళ్ళంతా పాకుతుంది.

రికార్డ్స్_క్లర్క్:

లక్షణమైన సలహాలు వచ్చాయి. నేను కాగితాల గురించే చెప్తాను, ఎందుకంటే మన తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది.

చేరిన వెంటనే కుటుంబ వివరాల రికార్డు రాస్తారు, కిండ్రెడ్ రోల్ అంటారు. అందులో తల్లి, తండ్రి పేర్లు, పుట్టిన తేదీలు ఎక్కుతాయి. తర్వాత జరిగే ప్రతి పనికీ అదే ఆధారం. మన దగ్గర పదో తరగతి మెమోలో తల్లి పేరు సుబ్బమ్మ, ఆధార్‌లో వెంకట సుబ్బమ్మ, బ్యాంకు పాస్‌బుక్‌లో సుబ్బాయమ్మ. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఒకచోట పూర్తిగా, ఒకచోట పేరు చివర. అక్కడ రాసుకునే హవల్దార్ ఏ రాష్ట్రం వాడో, ఏది ఇంటిపేరో అతనికి తెలియదు. ఒకసారి తప్పు ఎక్కితే దిద్దించడానికి అఫిడవిట్, పేపర్లో ప్రకటన, పార్ట్ టూ ఆర్డర్ (రికార్డు మార్పు ఆదేశం), నెలల తరబడి తిరగడం.

కాబట్టి అబ్బాయి వెళ్ళేలోపు మీ ఇద్దరి ఆధార్లు వాడి పదో తరగతి మెమోకి సరిపోయేలా చూసుకోండి. మెమోని మార్చడం కష్టం, ఆధార్‌ని మార్చడం తేలిక. పుట్టిన తేదీ కూడా చూడండి. పెద్దవాళ్ళ ఆధార్‌లో చాలామందికి జనవరి 1 అని, ఏదో ఒక సంవత్సరం వేసి ఉంటుంది. తల్లికీ కొడుక్కీ పన్నెండేళ్ళే తేడా వచ్చిన కేసులు ఉంటాయి. తర్వాత ఒక తెల్లకాగితం మీద ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో కుటుంబంలో అందరి పేర్లు, పుట్టిన తేదీలు, ఊరు, మండలం, పోస్టాఫీసు, పోలీస్ స్టేషన్, దగ్గరి రైల్వే స్టేషన్ రాసి, నాలుగు కాపీలు వాడి ఫైల్లో పెట్టండి. దగ్గరి రైల్వే స్టేషన్ ఎందుకంటే, తర్వాత సెలవు ప్రయాణాల కాగితాల్లో అది అవసరమవుతుంది. రాయించుకునేటప్పుడు నోటితో చెప్పకుండా ఆ కాగితం చూపించమనండి.

ఒరిజినల్స్ పంపేముందు అన్నీ స్కాన్ చేసి మీ దగ్గర ఒక సెట్టు ఉంచుకోండి. క్యారెక్టర్ సర్టిఫికెట్, పెళ్ళికాలేదన్న సర్టిఫికెట్ ఆరు నెలల లోపువి అయి ఉండాలి, ఫోటో మీద సీలు పడాలి. పాస్‌పోర్ట్ ఫోటోలు ఒక ఇరవై, తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో. పాన్ కార్డు లేకపోతే ఇప్పుడే తీయించండి.

డబ్బు విషయం స్పష్టంగా తెలుసుకోండి. అగ్నివీర్‌కి మొదటి సంవత్సరం నెలకి 30,000. అందులో 30 శాతం, అంటే 9,000 కార్పస్ ఫండ్‌కి పోతుంది, చేతికి 21,000. నాలుగో ఏడు 40,000, చేతికి 28,000. వాడు వేసినంత ప్రభుత్వమూ వేస్తుంది, నాలుగేళ్ళ చివర రెండూ కలిపి సుమారు 10.04 లక్షలు, దానిమీద వడ్డీ. దీన్నే సేవా నిధి అంటారు. దానికి ఆదాయపు పన్ను లేదు. సర్వీసులో ఉన్నంతకాలం 48 లక్షల జీవిత బీమా ఉంటుంది, దానికి వాడి జీతం నుంచి ఏమీ కోయరు. నామినీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించాలి. మొదటి జీతం ఖాతా పనులు పూర్తయ్యేదాకా ఆలస్యం కావచ్చు. ఈ జీతాన్ని చూసుకుని ట్రాక్టర్‌కో ఇంటి స్లాబుకో వాయిదాలు పెట్టుకోకండి. పిల్లవాడికి అక్కడ రగ్డా కంటే ఇంటి ఈఎంఐ భారమే ఎక్కువగా కుంగదీస్తుంది.

సామాను గురించి ఒక మాట. జాయినింగ్ లెటర్‌తో వచ్చే లిస్టే ప్రమాణం. దానికి మించి నేను చేర్చేవి: రెండు మంచి తాళాలు, ఒక్కోదానికీ విడిగా రెండు తాళంచెవులు, సూది, నల్లదారం, తెల్లదారం, ఖాకీదారం, గుండీలు, బట్టల మీద చెరగని మార్కర్. గుండీ కుట్టుకోవడం, ఇస్త్రీ చేసుకోవడం, బూటు పాలిష్ చేసుకోవడం వాడికి రాకపోతే ఈ నెలలో నేర్పండి. పచ్చళ్ళ డబ్బాలు వద్దు. నూనె కారి ఒరిజినల్ సర్టిఫికెట్లు పాడైతే బాగుచేసే దారి లేదు.

సైక్_నర్స్_గుంటూరు:

దర్శి అమ్మ గారూ, అబ్బాయి సంగతి వీళ్ళంతా చెప్పారు. మీ సంగతి నేను చెప్తాను.

ఏడుపు ఆపుకోమని ఎవరు చెప్పినా వినకండి. స్టేషన్లో కన్నీళ్ళు వస్తే రానివ్వండి, పిల్లవాడికి దానివల్ల నష్టం లేదు. "నువ్వు లేకుండా నేను బతకలేను" లాంటి మాటే మోసుకెళ్ళడానికి బరువు. దాని బదులు "నాకు బెంగగా ఉంటుంది, నేను చూసుకుంటాను, నువ్వు నీ పని చూసుకో" అనండి. మీ బాధ నిజమని వాడికి తెలుస్తుంది, దాన్ని మోసే బాధ్యత వాడిది కాదనీ తెలుస్తుంది.

వెళ్ళాక మొదటి పదిహేను రోజులు రోజంతా ఒకేలా ఉండదు. ప్రతి ఇంట్లో రెండు గంటలు మరీ కష్టంగా ఉంటాయి: వాడు లేచే వేళ, ఇంటికొచ్చే వేళ. మీ ఇంట్లో అవి ఏవో ఇప్పుడే గమనించి, ఆ వేళల్లో ఇంట్లో ఉండకుండా ఏర్పాటు చేసుకోండి. సాయంత్రం బస్సు వచ్చే వేళకి మీరిద్దరూ నడకకి వెళ్ళండి, గుడికో చర్చికో వెళ్ళండి, పక్కింటివాళ్ళతో కూర్చోండి. బియ్యం కొలత మొదటి రోజే తగ్గించండి. అలవాటుగా వండి మిగిలిన అన్నం ముందు కూర్చోవడం చాలామంది తల్లులకి రోజూ పుండు రేపుతుంది.

మీకు షుగర్ ఉందన్నారు కాబట్టి ఇది గట్టిగా చెప్తున్నాను. వాడు క్షేమంగా తిరిగొచ్చేదాకా ఒంటిపూట తింటానని మొక్కుకోకండి. మాత్రలు వేసుకుంటూ, ముఖ్యంగా గ్లిమెపిరైడ్ లాంటివో ఇన్సులినో వాడుతూ పస్తుంటే షుగర్ పడిపోతుంది. చెమట, వణుకు, కళ్ళు తిరగడం వస్తే అది బెంగ అనుకుని పడుకుంటారు. ప్రమాదం అక్కడే. మొక్కు తీర్చుకోవాలంటే దీపం పెట్టండి, దానం చెయ్యండి, భోజనం మానకండి.

మీవారి గురించి. మాట్లాడని మగవాళ్ళని "మనసులో మాట చెప్పండి" అని కూర్చోబెడితే లేచి వెళ్ళిపోతారు. పని అప్పజెప్పండి. ఆధార్ దిద్దించడం, స్కాన్లు, వారానికో ఉత్తరం ఆయన చేతి మీదుగా జరగనివ్వండి. ఉత్తరం నిజంగా రాయమనండి. ఇన్‌లాండ్ లెటర్ చాలు, బ్యారక్‌లో దాన్ని పదిసార్లు చదువుకుంటారు. అడ్రసులో వాడి ఆర్మీ నంబరు, పేరు, బ్యాటరీ, ట్రైనింగ్ రెజిమెంట్ తప్పనిసరి, మొదటి కాల్‌లో అడిగి రాసుకోండి. ఫోన్లో చెప్పలేని తండ్రులు కాగితం మీద చెప్పగలరు. గేదె ఈనిందనో, మోటారు కాలిపోతే కొత్త వైండింగ్ చేయించామనో రాసినా చాలు.

నిద్రకి: ఎంత ఆలస్యంగా పడుకున్నా లేచే టైము మార్చొద్దు. సాయంత్రం నాలుగు తర్వాత టీ వద్దు. ఇరవై నిమిషాల్లో నిద్ర పట్టకపోతే లేచి కూర్చోవడం మంచిదే, వసారాలో కూర్చోవడం తప్పేమీ కాదు. కానీ ఫోన్ చేతిలో ఉండకూడదు. రాత్రిపూట యూట్యూబ్‌లో ఆర్మీ ట్రైనింగ్ వీడియోలు, సరిహద్దు వార్తలు చూసే తల్లిదండ్రులకే నిద్ర ఎక్కువగా పోతుంది. ట్రైనింగ్‌లో ఉన్న రిక్రూట్‌ని సరిహద్దుకి పంపరు, ఆ వార్తలకీ మీవాడి ఈ ఏడు నెలలకీ సంబంధం లేదు.

"ఫోన్ రాలేదా ఇంకా?" అని ఊరంతా అడుగుతుంది. ఒకే జవాబు సిద్ధం చేసుకోండి: "ట్రైనింగ్‌లో ఉన్నాడు, వీలున్నప్పుడు చేస్తాడు." అందరికీ అదే.

రెండు వారాలు దాటినా రోజూ నిద్ర లేకపోవడం, తిండి సహించకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, చచ్చిపోవాలన్న ఆలోచన రావడం, వీటిలో ఏది ఉన్నా బెంగ కింద కొట్టిపారేయకండి. చావు ఆలోచన వస్తే రెండు వారాలు కూడా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. సైనికులకీ వాళ్ళ కుటుంబాలకీ ఇదే సేవలో ప్రత్యేక విభాగం 2023 డిసెంబరులో పుణెలోని సైనిక వైద్య కళాశాల ఏఎఫ్‌ఎంసీలో మొదలైంది.

దర్శి_అమ్మ:

మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నా. ఆయన పక్కనే కూర్చుని అంతా చదివారు. నా ఆధార్‌లో నిజంగానే జనవరి 1 ఉంది, రేపే వెళ్తున్నారు. ఇంకొక్కటి అడగాలి. వాడు ఫోన్ చేసి "ఉండలేనమ్మా, వచ్చేస్తాను" అంటే ఏం చెప్పాలి? చెప్పకుండా వచ్చేస్తే?

రిటైర్డ్_గన్నర్:

ఆ మాట మొదటి ఆరు వారాల్లో సగం మంది పిల్లల నోట వస్తుందమ్మా. "వచ్చెయ్యి నాన్నా" అనకండి, "పరువు తీస్తావా" అని కూడా అనకండి. "ఇవాళ ఏం జరిగింది?" అని అడగండి. చాలాసార్లు ఒక్క ఉస్తాద్, ఒక్క రగ్డా, ఒక్క నిద్రలేని రాత్రి బయటపడుతుంది. "వచ్చే ఆదివారం దాకా చూద్దాం, అప్పుడు మాట్లాడుకుందాం" అని వారం గడువు పెట్టండి. పరుగు, డ్రిల్ ఒంటికి పట్టాక ఆ మాట దానంతటదే తగ్గుతుంది. వాడు తిండి మానేశాడని గానీ, బతకాలని లేదన్నాడని గానీ అంటే గడువులు వద్దు, అప్పటికప్పుడే బ్యాటరీ నంబరుకి ఫోన్ చేసి చెప్పండి. మొదటి కాల్‌లోనే ఆ నంబరు అడిగి గోడ మీద రాసుకోండి.

చట్టం తెలిసి ఉండాలి. అగ్నివీర్ తనంతట తాను నాలుగేళ్ళ ముందు మానేయడానికి వీల్లేదు, చాలా అసాధారణ పరిస్థితుల్లో పై అధికారి అనుమతితోనే. సెలవు లేకుండా వెళ్ళిపోవడం 1950 నాటి ఆర్మీ యాక్ట్ 39వ సెక్షన్ కింద నేరం, ఇక తిరిగి రాకూడదన్న ఉద్దేశంతో పోతే 38వ సెక్షన్, అది ఇంకా పెద్దది. మనిషి కనపడలేదని మీ జిల్లా పోలీసులకి కాగితం వస్తుంది. 30 రోజులు దాటితే కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ (సైన్యం లోపలి విచారణ) పెట్టి రికార్డులో ఎక్కిస్తారు.

కాబట్టి ఏ రోజైనా గుమ్మంలో కనపడితే, ముందు అన్నం పెట్టండి. అదే రోజు సెంటర్‌కి ఫోన్ చేసి "మా అబ్బాయి మా దగ్గరే ఉన్నాడు, తీసుకొస్తాం" అని చెప్పండి. రైలు టికెట్ తీసి, వాళ్ళ నాన్న స్వయంగా వెంటబెట్టుకుని వెళ్ళాలి. ఒంట్లో గానీ మనసులో గానీ బాగా లేదనిపిస్తే ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి ఆ కాగితం పట్టుకెళ్ళండి. రెండు మూడు రోజుల్లో తనంతట తాను తిరిగొచ్చినవాడికీ, నెల తర్వాత పోలీసులు తెచ్చినవాడికీ శిక్షలో చాలా తేడా ఉంటుంది. బంధువుల ఇంట్లో దాచడం అన్నిటికంటే చెడు.

ఇంకో హెచ్చరిక. పిల్లవాడు సెంటర్‌లో చేరాడని తెలిసి దొంగ కాల్స్ వస్తాయి. "మీ అబ్బాయికి యాక్సిడెంట్ అయింది, రక్తం కావాలి, వెంటనే యూపీఐ చెయ్యండి" అనో, "మెడికల్‌లో ఫెయిల్ అయ్యాడు, 50 వేలు పంపితే సర్దుతాం" అనో. రిక్రూట్‌కి వైద్యం మిలిటరీ ఆసుపత్రిలో ఉచితం, డబ్బు అడగరు. కాల్ కట్ చేసి, గోడ మీద రాసుకున్న నంబరుకి మీరే చెయ్యండి. డబ్బు పోతే గంటలోపు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. వాడి యూనిఫాం ఫోటో, సెంటర్ పేరు, నంబరు ఫేస్‌బుక్‌లో పెట్టకండి, చెల్లెళ్ళకీ తమ్ముళ్ళకీ కూడా చెప్పండి. తెలియని అమ్మాయి పేరుతో వాళ్ళకి వచ్చే ఫ్రెండ్ రిక్వెస్టులు కూడా అన్న వివరాల కోసమే కావచ్చు.

నాందేడ్_తెలుగు:

ఆఖర్లో కసమ్ పరేడ్ (ట్రైనింగ్ పూర్తయ్యాక ప్రమాణం చేసే పరేడ్) గురించి ఒక ముక్క. తల్లిదండ్రుల్ని పిలుస్తారు, గౌరవ్ పదక్ అని మీ ఛాతీకి పెడతారు. తేదీ ఖాయమయ్యాక వాడు చెప్తాడు. సికింద్రాబాద్ వైపు నుంచి దేవగిరి ఎక్స్‌ప్రెస్ నిజామాబాద్, నాందేడ్, మన్మాడ్ మీదుగా నేరుగా నాసిక్ రోడ్‌లో దింపుతుంది. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు. పరేడ్ తేదీ మారడం మామూలే కాబట్టి రద్దు చేసుకోగలిగే టికెట్, గది తీసుకోండి. స్టేషన్ దగ్గరి లాడ్జీలు ఆ రెండు రోజులు నిండిపోతాయి. అందరికీ ఒరిజినల్ ఆధార్లు ఉండాలి, పరేడ్ పొద్దున్నే మొదలవుతుంది కాబట్టి ముందురోజు సాయంత్రానికే చేరండి. మీ షుగర్ మాత్రలు, బిస్కెట్లు చేతిసంచిలో పెట్టుకోండి అక్కా, గేటు తనిఖీ దగ్గర, గ్రౌండ్‌లో చాలాసేపు కూర్చోవాలి.